తక్కెడ లేయని శనివారం

పదెనిమిదో బెల్లం దిమ్మ పెట్టినారు. నా పక్క తక్కెడ నేల మింద నుంచి రోంత గూడ లేయల్యా. పందొమ్మిదోది పెట్టినారు. గొలుసులు కిర్రుమన్యాయి గానీ నేను యాడుండేదాన్ని ఆడే ఉండా. పత్తి మిల్లు దొడ్లో బోరాలు తూకమేసే పెద్ద తక్కెట్లో, కాళ్లు ముడుసుకోని, పైట నెత్తిమిందికి లాక్కోని కూసోనుండా. సుట్టూరా జనం. మూటలు మోసేటోళ్లు, పత్తి ఏరే ఆడోళ్లు, మా ఈదోళ్లు. ఎవురో బండి తోలుకోనొచ్చినాయప్ప గూడ ఎద్దుల్ని ఇడిసిపెట్టొచ్చి నిలబడినాడు. ఒకామె పక్కామెతో అంటాంది, నాకు ఇనపడేటట్టే, ఇంగో పది పెట్టినా లేయదు, ఆయమ్మి తినేది ఏమన్నా తక్కువా అని.

"ఇరవై," అన్యాడు మా ఆయన.

అదే ఆకరు దిమ్మ. తక్కెడ లేయల్యా.

మా ఆయన ఆ మిల్లులో తూకం మనిషి. ప్రొద్దుటూరు పత్తి సంతలో ఆయప్ప చెప్పిన తూకమంటే మల్లా ఎవురూ అడగరు. లెక్క ఎప్పుడూ గట్టిగా, రాగం తీసి చెప్తాడు. మొదటిది పెట్టేటప్పుడు ఒకటి అనడు, "లాభం" అంటాడు. మా పక్క తూకమేసేటోళ్లందరూ అట్లే. లాభం, రెండు, మూడు అని పోతాది. ఆపొద్దు నన్నూ అట్లే తూకమేసినాడు. లాభం అని మొదలుపెట్టి ఇరవై అని ఆపినాడు. ఆపి నా మొగం సూడకుండా గొలుసు పట్టుకోని నిలబడినాడు.

ఒక్కరు గూడ నాకు చెయ్యియ్యల్యా, మా పక్కింటి ఖాసింబీ అక్క తప్ప. ఆయమ్మ జనాన్ని తోసుకోనొచ్చి నా రెక్క పట్టుకోని లేపింది. మా అత్త మాత్రం ఎత్తుగా ఉండే ఆ బెల్లం పక్కనే సూస్తాండె. ఆమైన చెప్పింది, దేవుడు ఒప్పుకోల్యా, మల్లా శనివారం మొదట్నుంచీ తూకమెయ్యాల, అంతవరకూ యాడికీ పోయేకి లేదు అని.

బుదవారం నాకు ఆపరేషను. సోమవారం పొద్దన్నే జమ్మలమడుగు ఆసుపత్రిలో సేరమన్యారు. ఈయమ్మ శనివారం అంటాంది.

ఇదంతా అయిపోయి ఇప్పటికి ఎనిమిది నెలలు. ఖాసింబీ అక్క రాసిపెట్టమంటే రాస్తాండా. నేను సదివింది ఐదు. తప్పులుంటే మీరే సరిజేసుకోని సదువుకోండి. కోపం మాత్రం సరిజెయ్యొద్దు, అది ఉండేంత రాయాలనే కూసున్యా.

మొదట్నుంచి చెప్తా. మాది పులివెందుల పక్కన పల్లె. పెండ్లయి ప్రొద్దుటూరికి వచ్చి మూడేండ్లు. ముందటేడు దసరా అప్పుడు నాకు నెల తప్పింది. రొండో నెలా తప్పింది. మా అత్త సంబరపడి, కడుపు నిలిస్తే కోడలి ఎత్తు బెల్లం ఇస్తానని ఆంజనేయసామికి మొక్కుకునింది. ఎత్తు బెల్లమంటే, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూకమేసి దేవునికిచ్చేది. కడుపు పెరగబట్టె. కాన్పయినాక ఇద్దాంలే అని ఆయమ్మ ఊరుకునింది. ఏడో నెలలో ముత్తైదువల్ని పిలిచి, రొండు చేతులకీ మోచేతి దాకా పచ్చ గాజులు ఏసినారు. కాన్పయ్యేదాకా ఆ గాజులు తీయకూడదు, ఒక్కటి పగలకూడదు. నేనెంత భద్రంగా సూసుకున్యానో. రోట్లో పచ్చడి నూరేటప్పుడు గూడ చెయ్యి దూరం పెట్టి నూరుతాంటి.

తొమ్మిది నెలలాయ. పది ఆయ. పదకొండు ఆయ.

నొప్పుల్లేవు, బిడ్డ కదిలేది లేదు. మంత్రసాని వచ్చి కడుపు మింద చెయ్యేసి, ఈడ ఏమీ లేదని చెప్పి, ఇచ్చిన టెంకాయ గూడ తీసుకోకుండా పోయింది. ఇంగ సూడండి. నిన్నటిదాకా కూసోమ్మా, లేయొద్దమ్మా, ఇది తినమ్మా అన్న నోళ్లే తిరుక్కున్యాయి. కడుపు కాదంట, తిని బలిసినానంట. పని దొంగనంట, గర్బమని నాటకమాడి ఏడాది కూసోని తిన్యానంట. మా అత్త నా సంగటి ముద్ద సగం జేసింది. ఆమైన దాంట్లో సగం జేసింది. మజ్జిగ మాన్పిచ్చింది. నాకు ఆకలైతాండె గానీ నాలుగు కడులు నోట్లో పెట్టుకుంటే గొంతుదాకా నిండుకున్నట్టుండె. ఈ మాట ఎంతమందికి చెప్పినానో లెక్క లేదు. ఇనేటోళ్లు ఒక్కరు లేరు. నేను పడుకుంటే ఊపిరాడదని చెప్తే, కొవ్వు అనిరి.

మా అన్న వచ్చి నన్ను పులివెందులకు పిల్చకపోయినాడు. ఆడ ఒక డాక్టరు, పేరెందుకులే, నన్ను కుర్చీలో నుంచి లేయమని గూడ అన్ల్యా. నా కడుపు మింద చెయ్యి పెట్టల్యా. మా అన్నతోనే మాట్లాడి, మీ చెల్లెలికి అన్నం తగ్గించండి, నడిపించండి అని టానిక్కు సీసా ఇచ్చినాడు. ఆ తిరుగు బస్సులో ఒక ముసలాయన లేసి నాకు సీటిచ్చినాడు. కూసోమ్మా, ఎన్నో నెల అని అడిగినాడు. నేను కిటికీ పక్క మొగం తిప్పుకోని కొండాపురం పోయే దోవ గుర్తు వచ్చేదాకా ఏడిసినా. మంచి చేసినాయప్పే అంతగా ఏడిపించినాడు ఆపొద్దు. పాపం, ఆయప్పకేం తెలుసు.

కనిపెట్టింది ఖాసింబీ అక్క. ఆయమ్మ బీడీలు చుడతాది. ఒకనాడు నేను వాళ్ల అరుగు మింద కూసోని ఆకు కత్తిరిస్తాంటే, చేతిలో కత్తెర ఆపి నా చెయ్యి పట్టుకునింది. గాజులు పైకి తోసింది. మోచేతిదాకా ఏసిన గాజులు భుజం దాకా జారిపోయినాయి.

"బేటీ, తిని బలిసినోళ్ల చేతులు ఇట్లుంటాయా?" అనింది.

అంతే. పదకొండు నెలలు ఎవురికీ కనపడనిది ఆయమ్మకు గాజుల్లో కనపడింది. చేతులు పుల్లలు, కాళ్లు పుల్లలు, కడుపు మాత్రం నీళ్ల కాగు. నాక్కూడా కనపడల్యా సూడండి, అందరూ అంటాంటే నేనూ బలిసినాననే అనుకున్యా.

ఆ అక్కకు గొంతు కింద ఈ చివర్నుంచి ఆ చివరికి కోత గుర్తుండాది. గొంతు గడ్డ తీపిచ్చుకునింది జమ్మలమడుగులోనే. ఆ వారంలోనే నన్ను ఆడికి పిల్చకపోయింది. డాక్టరమ్మ కోస్తా పక్కామె మాదిరుంది, నన్ను మీరు అనింది. నన్ను మీరు అన్న మనిషిని అదే మొదటిసారి సూడడం. పడుకోబెట్టి, రొండు చేతులతో కడుపంతా మెల్లగా నొక్కి సూసి, లేపి కూసోబెట్టి చెప్పింది. లోపల అండాశయంలో గడ్డ పెరిగిందమ్మా, నీళ్లతో నిండుకోనుంది, మీరు తిన్నందుకు కాదు, మీరు చేసిన తప్పు కాదు, తీసేస్తే మీ బరువు మీకుంటాది అని. ఒక పక్క తీసేయాల, రొండో పక్క బాగుంటే పిల్లలు పుడతారు, లోపల సూసేదాకా మాటియ్యలేను అనింది. ఆలీసం మాత్రం చెయ్యొద్దు అనింది.

తప్పు కాదు అన్న మాటకు నాకు నవ్వూ ఏడుపూ రొండూ వచ్చినాయి. మంచం మిందనే కూసోని ముక్కు చీదుకుంటి.

ఇంటికొచ్చి చెప్తే మా అత్త ఇంగో లెక్క కట్టింది. దేవుడు కడుపిచ్చినాడంట. మనం మొక్కు చెల్లియ్యల్యంట. అందుకే బిడ్డ గడ్డయిపోయిందంట. మొక్కు తీరకుండా కత్తి తగిలితే మనిషి దక్కదంట. అందుకని ఇరవై దిమ్మల బెల్లం తెప్పిచ్చింది. ఇరవై యాడ్నుంచొచ్చిందంటే, నేను పెండ్లికి ఎంతుంటినో ఆయమ్మ కంటితో అంచనా ఏసుకునింది. కడుపులో ఉండేది లెక్క పెట్టుకోల్యా. ఏడాది నుంచీ నన్ను కొండంత ఉండావని తిట్టినామె, దేవుని కాడికొచ్చేసరికి పెండ్లినాటి బరువుకు బెల్లం తెచ్చింది. ఆ శనివారం తక్కెడ లేయకపోయేది అందుకు. దేవుడు ఒప్పుకోక కాదు.

ఆదివారం పొద్దన్నుంచీ నన్ను సూసిపోయేకి ఆడోళ్లు రాబట్టిరి. ఒక్కొక్కరూ ఒక్కో సావు తెచ్చిరి. ఒకామె మరిది పెండ్లాం మత్తులోంచి లేయనే లేదంట. ఇంగొకామెకు తెలిసినామె కడుపు కోస్తే కుట్లు నిలవల్యంట. నేను అరగంటకొకసారి దొడ్లోకి పోయొస్తాంటి. నేనే గదా, బరువు దిగిపోతాదని ఆసుపత్రిలో నవ్విందాన్ని, అదే నేను గోడకానుకోని వణుకుతాండా. మూడో ఆమె నోరు తెరిసేసరికి ఇంగ నాకు ఆగల్యా.

"మీరు నన్ను సూసేకొచ్చినారా, పీనుగును సూసేకొచ్చినారా? పీనుగైతే ఇంగో మూడు దినాలు ఆగి రాండి," అంటి.

మా అత్త తల పట్టుకునింది. వాళ్లు లేసి పోయినారు. పోతా పోతా, రోగమొచ్చినా నోరు తగ్గల్యా అనుకుంటా పోయినారు. తగ్గదు. ఇది సదివేటోళ్లకు చెప్తాండా, ఆపరేషనుకు పోయే మనిషి కాడికి పోతే ఊరికే కూసోండి. మాట్లాడేది తెలీకపోతే ఇంత ఆకొక్క నమిలి రాండి. సచ్చినోళ్ల కతలు మీ ఇంట్లో పెట్టుకోండి.

నన్ను నిలబెట్టింది ఖాసింబీ అక్క చెప్పిన ఒకే ఒక కత. సచ్చినోళ్లది కాదు, బతికినామెది. మొదలు ఏం జేస్తారు, ఆమైన ఏం జేస్తారు, బట్టలేం కట్టిస్తారు, ఎవురు తోలకపోతారు, ముక్కు మింద గుడ్డ పెట్టి వాసన సూపిస్తారు, లెక్కపెట్టమంటారు, పదికి పోయేలోపల నిద్ర. లేసేసరికి దప్పిక, నీళ్లియ్యరు, పెదాలు తడుపుతారు. నేను మల్లా చెప్పమంటి. మల్లా చెప్పింది. మూడోసారీ చెప్పమంటే, ఇదేమన్నా హరికతా అని నవ్వి మల్లా చెప్పింది. ఇట్లా ముందర్నుంచి ఎనక్కి తెలిసిపోతే భయం పోదు గానీ, దానికొక దారి ఏర్పడతాది. అంతకుముందు అది ఇంటినిండా తిరుగుతాండె. ఆమైన ఒక వరసలో నడిసింది.

మద్యాన్నం మా ఆయన పెరట్లో తూకం గుండ్లు తోముతాండె. ప్రతి ఆదివారం సింతపండేసి తోముతాడు, తుప్పు పట్టితే బరువు తేడా వస్తాదని. నేను పోయి ఎదురుగా కూసున్యా.

"మామా, రేపు నేను పోవాల్నా వద్దా?"

"అమ్మ శనివారందాకా ఆగమంటాంది గదా."

"డాక్టరమ్మ ఆగొద్దనింది గదా."

"అమ్మకు భయం."

"మరి నాకు?"

ఆయప్ప గుండు తిప్పి ఇంగో పక్క తోమబట్టినాడు. నాకు మండింది. మిల్లులో ఎంత పెద్దోళ్లు కండ్లెర్రజేసినా రోంత గూడ తూకం తప్పు చెప్పవు, ఇంట్లో మాత్రం ఎవురేం చెప్పినా తలకాయ ఊపుతావు, నా పానం ఒక పత్తి బోరా ఇలువ గూడ చెయ్యదా అని అడిగినా. ఇంగో గుండు తీసుకున్యాడు. మంచోడే. మంచోళ్లు ఇట్ల గమ్మునుంటే సెడ్డోళ్లకంటే ఎక్కువ మంట.

సోమవారం పొద్దన్నే మూట కట్టుకున్యా. మా అత్త వాకిట్లో అడ్డంగా కూసునింది, కాళ్లు సాపుకోని. మొక్కు తీరకుండా ఈ గడప దాటితే మల్లా ఈ గడప తొక్కొద్దు అనింది. పెద్దామె కాళ్లు దాటలేను. అందుకని ఎనక వాకిట్లోంచి పోయినా. ఖాసింబీ అక్క దొడ్డి గోడకాడ నిలబడుకోనుండె. ఇద్దరం బర్రెల కొట్టం పక్కనుంచి, బురదలో, చెప్పులు చేతిలో పట్టుకోని బస్టాండుకు పోయినాం. నవ్వొస్తాండె నాకు. భయంతో గూడ నవ్వొస్తాదని ఆపొద్దు తెలిసింది.

ఆసుపత్రి వసారాలో బెంచీల మింద ఎంతమందో. సేద్యం జేసేటోళ్లు, బురకాలోళ్లు, బిడ్డల్నెత్తుకున్నోళ్లు. మా పక్కన కూసున్నామె ఏమీ అడక్కుండా తన మూట జరిపి నా నడుముకు ఆసరాగా పెట్టింది. సాయంత్రం దాకా అట్లే ఉంచింది. పేరు గూడ అడగల్యా నేను. ఇప్పటికీ ఎవురన్నా మూట పక్కన పెట్టుకోనుంటే ఆయమ్మేమో అని సూస్తా.

నర్సమ్మ గాజులు తీయాలనింది. కాన్పయ్యేదాకా తీయకూడదని ఏసిన గాజులు. నేను చెయ్యి ఎనక్కి తీసుకున్యా. ఎందుకో తెలీదు, అవంటే నాకు మంట, అయినా తీసుకున్యా. నర్సమ్మ గదమాయిచ్చల్యా. పగలగొట్టంలేమ్మా అని సబ్బు నీళ్లు తెచ్చి ఒక్కొక్కటే జార్చింది. చేతులు అంత సన్నం గదా, సబ్బు గూడ అక్కర్లేకపోయె. అన్నీ ఖాసింబీ అక్క కొంగులో మూటగట్టుకునింది. పసుపు దారం ఒకటి మెడలో ఉంటే నర్సమ్మ అది ఉండనీ అనింది.

ఆమైన కాగితం తెచ్చిరి. మొగుడు సంతకం పెట్టాలంట. నేను పెడతా, నాకు సంతకం వస్తాది, ఐదు సదివినా అంటి. పానం నాది, కడుపు నాది, కోసేది నన్ను. సంతకం మాత్రం ఆయప్పది గావాల. ఇది ఆసుపత్రోళ్ల తప్పు కాదు, అన్ని తావులా అంతేనంట. అన్ని తావులా అంతే అయితే అన్ని తావులా తప్పే. నర్సమ్మ పాపం తలొంచుకోని, రేపు సాయంత్రం లోపల రాకపోతే వాయిదా ఏస్తారమ్మా అనింది.

మంగళవారం ఆ వసారా మెట్ల కాడ నేను ఎన్నిసార్లు నిలబడినానో. ప్రొద్దుటూరు బస్సు వచ్చేది, దిగేటోళ్లను సూసేది, మల్లా వచ్చి మంచం మింద కూసునేది. గుండె దడ పుడితే ఒక పని జేసినా. కండ్లు మూసుకోని మా ఆయన రాగంతో లెక్కబెట్టినా. లాభం, రెండు, మూడు. ఊపిరొకటికి అంకె ఒకటి. ఆయప్ప మింద కోపమున్నా ఆయప్ప లెక్కే పనికొచ్చింది సూడు, అదీ మంటే. ఇరవైకి వచ్చేసరికి దడ తగ్గేది. మల్లా ఇంగో బస్సు. మల్లా లాభం.

మూడో బస్సులో దిగినాడు. మిల్లు నుంచి నేరుగా వచ్చినట్టుండాడు, తలనిండా దూది. నా కాడికి రాకుండా ముందు నర్సమ్మ కాడికి పోయి కాగితం అడిగినాడు. ఒక్కో అక్షరం గుండు పెట్టినట్టు పెట్టి సంతకం జేసినాడు. ఆమైన వచ్చి మంచం పక్కన నిలబడినాడు.

"తక్కెడ తప్పు చెప్పదు రత్నా," అన్యాడు. "ఆపొద్దు నీ ఒంట్లో నీది కానిది ఎక్కువుందని చెప్పింది. ఎక్కువుంటే తీసేస్తాం. మా పనిలో అంతే."

"ఇది కనుక్కునేకి మూడు దినాలు పట్టిందా?" అంటి.

"పట్టింది," అన్యాడు.

అమ్మకేం చెప్పొచ్చినావంటే, ఇదే చెప్పినా, తిట్టింది, వచ్చినా అన్యాడు. నాకు కోపం పోల్యా. అయినా ఆయప్ప తల మింద దూది ఏరుతా కూసున్యా, చెయ్యి ఊరికే ఉండలేక.

బుదవారం. అక్క చెప్పిన వరస తప్పకుండా జరిగింది. తెల్ల బట్ట, తోసే మంచం, పెద్ద దీపం. ముక్కు మింద గుడ్డ పెట్టి లెక్కబెట్టమన్యారు. నేను "లాభం" అంటి. అవతల ఎవురో, లాభం కాదమ్మా, ఒకటి అన్యారు. మాకంతే, రెండు అంటి. మూడు అన్యానో లేదో గుర్తులేదు.

లేసేసరికి దప్పిక. పెదాలు తడిపినారు. కడుపంతా నిప్పులు పోసినట్టుండాది. కానీ ఊపిరి. ఊపిరి కింది దాకా పోయింది, తీరుబడిగా, యాడా తగులుకోకుండా. ఏడాది తర్వాత మొదటిసారి. ఆ నొప్పిలోనే రొండు మూడు సార్లు ఊరికే పీల్చి సూసుకున్యా, అంగట్లో కొత్త వస్తువు సూసుకున్నట్టు. తీసింది మణుగు దాకా, అంటే పదకొండు పన్నెండు కిలోలు తూగిందంట. రొండో పక్క బాగుందని డాక్టరమ్మ నాకే చెప్పింది, మా ఆయనకు కాదు.

నాలుగో దినం మా అత్త వచ్చింది. నా కాడ నిలబడి, ఎట్లుండావని అడిగింది. ఆమైన నర్సమ్మను పక్కకు పిలిచి అడిగింది, తీసిన దాంట్లో బిడ్డ మాదిరి ఏమన్నా ఉన్నిందా, కాలో చెయ్యో అని. లేదమ్మా, నీళ్ల తిత్తి, మొదట్నుంచీ బిడ్డ లేదు అని నర్సమ్మ చెప్పింది. మా అత్త పోయి వసారాలో బెంచీ మింద కూసోని, కొంగు నోట్లో కుక్కుకోని ఏడిసింది. మంచం మింద నుంచి నాకు కనపడతాండె. ఆయమ్మ ఏడాది మోసింది ఆ బిడ్డను, నాకంటే ఎక్కువగా. లేని బిడ్డ కోసరం అంతసేపు ఏడిసింది. ఉన్న నాకోసరం ఒక్క సుక్క రాల్యా. జాలీ కోపం రొండూ ఒకేసారి వస్తే ఏది ముందు పట్టుకోవాల్నో తెలీదు. నేను కండ్లు మూసుకున్యా.

కుట్లు విప్పి పంపిచ్చింది మల్లా వారం శుక్రవారం. ముందర వాకిట్లోంచే ఇంట్లోకి పోయినా, గడప మింద కాలు పెట్టే పోయినా. మా అత్త పక్కకు జరిగి దోవిచ్చింది. మూలన ఆ ఇరవై దిమ్మలూ అట్లే ఉండాయి, పాత చీర కప్పి. మొక్కుది గాబట్టి ఎవురూ ముట్టరు, చీమలు తప్ప. మాపటేల కూడు తింటాంటే ఆయమ్మ మెల్లగా ఎత్తుకునింది. రేపు శనివారం గదా, ఇప్పుడు నీ బరువు నీకొచ్చె గదా, ఆ బెల్లమే సరిపోతాది, ఆపొద్దు తక్కెడ లేయకపోయేది గూడ ఇందుకే, దేవునికి నీ ఎత్తే గావాల గానీ గడ్డ ఎత్తు కాదు, ఆంజనేయసామికి అన్నీ తెలుసు అని.

మా ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అది ఆసుపత్రిలో ఆయప్ప అన్న మాట. దానికే గదా తిట్లు తిన్యాడు.

"అత్తా, ఆపొద్దు దేవుడు ఒప్పుకోల్యా అంటివి. నన్ను పోనియ్యకుంటివి," అంటి.

"అప్పుడు అట్ల తోసింది, ఇప్పుడు ఇట్ల తోస్తాంది. దేవుని మాట మనకు ఒకేసారి తెలుస్తాదా?" అనింది, నా కంచంలో ఇంగో ముద్ద పెడతా. పెద్ద ముద్ద.

ఆ పెద్ద ముద్దకు నా నోరు మూసుకపోలేదు. ఇనండి అత్తా, తూకం నేను కూసుంటా, కానీ అదే దొడ్లో, అదే జనం ముందర, లెక్క నేను చెప్తా అంటి. మా ఆయన సరే అన్యాడు. అడక్కముందే అన్యాడు, రాసిపెట్టుకోవాల్సిందే.

మరుసనాడు పొద్దన్నే మిల్లు దొడ్లోకి పోయినా. ఒక చెయ్యి కడుపు మింద, ఒక చెయ్యి ఖాసింబీ అక్క భుజం మింద. అదే మూటలు మోసేటోళ్లు, అదే పత్తి ఏరే ఆడోళ్లు. పైట నెత్తి మింద ఏసుకోల్యా. తక్కెట్లో మెల్లగా కూసోని, మొదటి దిమ్మ పెట్టంగానే నేనే చెప్పినా, దొడ్డి చివరికి ఇనపడేటట్టు, లాభం అని. కుట్లకాడ సురుక్కుమనింది. అయినా ప్రతి అంకె గట్టిగానే చెప్పినా. పందొమ్మిది అనంగానే తక్కెడ నేలనిడిసి లేసింది. నా కాళ్లు గాల్లో. మా ఆయన గొలుసు పట్టుకోని నవ్వుతాండాడు.

ఒక దిమ్మ మిగిలింది. అదీ దేవుని కుప్పలో ఏద్దామని మా అత్త చెయ్యి సాపింది. నేను దిగి, ఆ దిమ్మ తీసుకోని, తూకం గుండు మింద ఒక దెబ్బ కొట్టి పగలగొట్టినా. పెద్ద పెళ్ల ఏరుకోని నోట్లో పెట్టుకున్యా. నమిలి, మింగి, ఏలు నాక్కోని, ఆమైన మిగిలింది అందరికీ పంచినా. ఆపొద్దు నన్ను ఎక్కువ తింటాదన్న ఆమెకు గూడ.